పిడుగురాయి పెరికిన చెయ్యి

మా దానియేలు మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను పాలు దించి, పొయ్యి ఆర్పి, కాసేపు కుర్చీలో హాయిగా కూర్చున్నాను. అబద్ధమెందుకు, హాయిగానే కూర్చున్నాను. మా నాయన కుడిచెయ్యి విరిచినవాడు, సొంత అక్క అయిన మా అమ్మ నుదురు పగలగొట్టినవాడు, వాళ్ళిద్దరూ పోయిన తర్వాత కూడా ఇన్నేళ్ళు బతికాడు. చివరిదాకా పళ్ళు కూడా ఊడలేదట. మా కిరస్తానీ ఇళ్ళలో మనిషి పోయిన కొన్నాళ్ళకు జ్ఞాపకార్థ కూడిక అని పెడతారు, ప్రార్థన అయ్యాక అందరికీ భోజనాలు. దానికి వెళ్ళే ఉద్దేశం నాకు లేదు. కానీ మామ భార్య మార్తమ్మత్త తనే ఫోన్ తీసుకుని, "పాపా, నువ్వు రావాల" అన్నది. ఎనభై దాటిన మనిషి, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. మర్నాడు పొద్దున్నే గిద్దలూరులో బస్సెక్కాను.

మార్కాపురం దాటి మా పల్లెకు తిరిగేచోట గుండ్లకమ్మ మీద వంతెన ఉంది. కిటికీలోంచి చూస్తే ఏట్లో ఇసుక ట్రాక్టర్లు తవ్విన గుంతలు, గుంతల్లో పచ్చటి నీళ్ళు, గట్టంతా సర్కారు తుమ్మ. నా చిన్నప్పుడు ఆ గట్టు నిట్టనిలువుగా ఉండేది. వరద వచ్చిన ప్రతిసారీ కొంత విరిగి ఏట్లో పడేది, విరిగినచోట లోపలి మట్టి పొరలు పొరలుగా బయటపడేది. దాని కోసం మా నాయన వరద ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉండేవాడు. ఊళ్ళోవాళ్ళు గొడ్లు కొట్టుకుపోయాయని ఏడుస్తుంటే ఈయన గోనెసంచి దులిపి భుజాన వేసుకునేవాడు. అందుకు మా అవ్వ, అంటే అమ్మ తల్లి, ఆయన్ను చాటుగా తిట్టేది, ఒక్కోసారి ఎదురుగానే తిట్టేది.

నాయనది కనిగిరి వైపు. మా పల్లె బడికి అయ్యవారుగా వచ్చి, ఇక్కడి నర్సమ్మను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. పాతకాలపు వస్తువులు వెతకడం ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి. పొద్దున పూట ఎండ ముఖాన పడేట్టు నడవాలి, అప్పుడే పూస ఏదన్నా ఉంటే తళుక్కుమంటుంది. నేల చూడకూడదు, గట్టు కోసుకుపోయినచోట నడుమెత్తున కనిపించే ఎర్రమట్టిని చూడాలి. పెంకు దొరికితే ఉమ్మితో తడిపి బొటనవేలితో రుద్దాలి. ఇవన్నీ బడిలో ఎక్కాలకంటే ముందు నాకు వచ్చేశాయి. మా ఇంట్లో గంపల నిండా నల్లపెంకులు, ఎర్రపూసలు, రాతి గొడ్డళ్ళు. అన్నం తినేచోట కూడా సంచి పెట్టి అమ్మ చేత తిట్లు తినేవాడు. అంత ఉన్నా ఆయనకు తృప్తి లేదు. ఏట్లో దొరికిన రాయిని నీళ్ళు ఎక్కడినుంచో దొర్లించుకొచ్చి ఉంటాయి, అది ఏ కాలందో ఎట్లా చెప్పడం అని బాధపడేవాడు. గట్టు లోపల, మట్టి పొరలో నిలబడి ఉన్న గొడ్డలి ఒక్కటి దొరికితే చాలు, మన ఊళ్ళో మనుషులు ఎప్పటినుంచి ఉన్నారో రుజువు చేస్తానని, అది దొరకకుండా చావనని అనేవాడు.

అమ్మ సర్కారు నర్సు. ఆమె తెల్లచీర నుంచి స్పిరిట్ వాసన, పొయ్యి మీద సూదులు ఉడికే గిన్నె వాసన, వీటి మధ్యే మేము అన్నం తిన్నాం. అవి కుటుంబ నియంత్రణ జీపులు తిరిగే రోజులు. ఆపరేషన్‌కు తెచ్చిన ఒక్కో మనిషి ఒక్కో కేసు, ఏడాదికి ఇన్ని కేసులు చూపాలని అమ్మకూ లెక్క ఉండేది. జీపు చప్పుడు వినబడితే మగవాళ్ళు కందిచేలలో పడి పరుగెత్తేవాళ్ళు. సంతలో, బస్సులో, ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకుని ఎక్కించుకుపోయేవాళ్ళు. మామ పలకల గనిలో పనిచేసేవాడు. అతని జతగాణ్ణి ఒకణ్ణి సంత నుంచి ఎత్తుకుపోయి కోసి పంపారు. కుట్లు చీము పట్టి, ఒళ్ళంతా కాలిపోతూ, వీధి మొత్తానికి వినబడేట్టు అరిచి అరిచి చచ్చాడు. మంచం మీద వేసుకుని ఆస్పత్రికి మోసినవాళ్ళలో మామ ఒకడు. దారిలోనే ప్రాణం పోతే మంచం దించి, బండ మీద బండ వేసి కొడుతూ కూర్చున్నాడట. అప్పటినుంచి అమ్మ తెల్లచీర కట్టుకుని ఎదురొస్తే తల తిప్పుకునేవాడు. ఆదివారాలు మాత్రం ఆమె చేతి కూడే తినేవాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ మా పందిరి కిందికి చేరేవాళ్ళు. సద్దసంగటి, ఎండుచేపల పులుసు, దాంతోపాటు పిల్లలు ఎందరుండాలి అనే వాదన. దేవుడిచ్చేవాణ్ణి వద్దనడానికి మనమెవరం అని పాస్టరయ్య. పూర్వం చిన్నపిల్లల ఎముకలతో పూడ్చిన కుండలు తాను గట్టున చూశానని, అప్పటివాళ్ళు పదిమందిని కని తొమ్మండుగుర్ని పూడ్చేవాళ్ళని మా నాయన. ఆయన చరిత్ర ఎవరికి కావాలి, అన్నం దగ్గర ఎముకల మాటేందని అవ్వ అరిచేది. అసలు యుద్ధం అమ్మకూ మామకూ. గొంతులు లేచేవి, కంచాలు ఎగిరేవి, ఒకసారి పులుసు చట్టి గోడకు తగిలి పగిలింది. "మాకు భూమి లేదు, పుట్ర లేదు. ఉండేవి రెక్కలే గదక్కా. అవి గూడ లెక్కబెట్టి రెండే ఉంచుకోమంటే ఎట్ల?" అన్నాడు మామ ఆ రోజు. "ఆ రెక్కల్ని కనేదానికి ఒంట్లో నెత్తురుండాల గదరా. నీ పెండ్లానికి అదేడుంది?" అన్నది అమ్మ. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది. మార్తమ్మత్త మాత్రం వడ్డిస్తూ ఉండేది. అయితే కడుపుతో, లేకుంటే చంకన బిడ్డతో. ఇంకాస్త పులుసు పొయ్యమనడం తప్ప ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

అత్తకు ఇద్దరాడపిల్లలు బతికారు. ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయారు. రెండోసారి ఆమె కూడా పోవలసిందే, అమ్మ పిడికిలి పెట్టి నెత్తురు ఆపింది. మళ్ళీ కానిస్తే మనిషి దక్కదని అమ్మ తమ్ముడి మొహం మీదే చెప్పింది. నువ్వు ఆపరేషన్ చేయించుకోకపోతే పోయావు, దానికన్నా చేయించనీ అన్నది. మామ వినలేదు. ఊళ్ళో జీపు దిగిన రోజు ఆ కోపం అంతా అత్త మీద పడేది. చేతికి చెప్పు దొరికితే చెప్పుతో, పలక దొరికితే పలకతో కొట్టేవాడు. పలక పగిలిన అంచు మీగడ కోసినట్టు చర్మం కోస్తుంది. ఆ గాయాలకు మందు రాయించుకోవడానికి అత్త మా పెరట్లోకి వచ్చేది. ఇంతలో అయిదోసారి నెల తప్పింది.

ఇక్కడ మా ఊరి ఆడవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి అది నాకూ తెలియదు, మా నాయనకూ తెలియదు. ఏట్లో దొరికే నున్నటి రాతి గొడ్డలిని వాళ్ళు పిడుగురాయి అంటారు, పిడుగు పడినచోట భూమిలోంచి పుడుతుందని నమ్మకం. బిడ్డలు దక్కని ఆడది మళ్ళీ కడుపుతో ఉంటే ఆ రాయికి పసుపు రాసి, పదును కిందికి వచ్చేట్టు ఏటి గట్టు మట్టిలో పాతి వస్తుంది. పుట్టిన బిడ్డ పాలు మానేదాకా దాన్ని కదిలించకూడదు. పాతిన చెయ్యి పెరకకూడదు, పెరకాల్సిన రోజున ఇంకో ఆడమనిషి వచ్చి మంత్రించినట్టు ఏవో మాటలు చెప్పి పెరుకుతుంది. మధ్యలో ఎవరన్నా పెరికితే కడుపు జారుతుంది, పెరికినవాళ్ళ చెయ్యి పడిపోతుంది. పాస్టరయ్య ఇట్లాంటివన్నీ సైతాను పనులని కేకలు వేసేవాడు. ఆయన భార్యకు మాత్రం ఎంత పసుపు రాయాలో బాగా తెలుసు. అత్త చేత అవ్వ దగ్గరుండి పాతించింది.

ఆ ఏడు వరద పెద్దగా రాలేదు. అయినా ఒక పొద్దున నాయన నన్ను లేపి సంచి తీసుకోమన్నాడు. ఆ రోజు ఆయన ఎండకు ఎదురుగా నడవలేదు, ఆగి ఆగి గట్టు చూడలేదు. నేరుగా రేవు పైకి పోయి, ఒకచోట గట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎర్రమట్టి పొరలో నల్లరాయి, అంచు కిందికి, నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ మట్టి గట్టిగా పట్టుకుని ఉంది. నాయన చాకుతో గీరి గీరి తీశాడు. పసుపు ఉందో లేదో మేము చూడలేదు, చూసినా మట్టి రంగే అనుకునేవాళ్ళం. "పాపా, దీన్ని నీళ్ళు దొర్లియ్యలేదు. పెట్టినోడు పెట్టినట్టే ఉంది" అన్నాడు. అంత సంతోషంగా ఆయన్ను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. బడిలో బల్ల మీద పెట్టి పిల్లలందరికీ చూపించాడు. పెద్దవాళ్ళు చదువుకున్న చరిత్ర పుస్తకాలు తప్పని, వాటిని మన గుండ్లకమ్మే దిద్దుతుందని చెప్పాడు.

తర్వాత వచ్చిన ఆదివారం ఆయన అదే చోట ఇంకేమన్నా ఉందేమోనని మట్టి గీరుతున్నాడు, నేను పక్కన సంచి పట్టుకుని ఉన్నాను. ఆ పొద్దున్నే అత్తకు నెత్తురు పడటం మొదలైంది. అవ్వ ఏటికి పరుగెత్తి రాయి చూడబోతే మమ్మల్నే చూసింది. ఆమె వెనక్కి పరుగెత్తిన కాసేపటికి మామ వచ్చాడు, చేతిలో గనిలో వాడే గడ్డపార. మాట లేదు, ముందు వీపు మీద దెబ్బ. నాయన బోర్లా పడ్డాడు. మామ ఆయన జుట్టు పట్టి లేపి ముఖాన్ని గట్టుకేసి గుద్దాడు. మట్టీ నెత్తురూ కలిసి నోట్లోంచి కారుతున్నాయి. "మా ఆడది పాతిన రాయి నీకు చూపిచ్చిందెవురు బావా? ఆడోళ్ళకు తప్ప తెలవదది. మా అక్కే గదా? కేసు దొరకలేదని కడుపు తీపిచ్చింది గదా?" అని అడిగి ఒక దెబ్బ, అడిగి ఒక దెబ్బ. నాయన మోచేతుల మీద పాకుతూ ఒకే మాట అన్నాడు. "ఎవురూ చూపలేదు దానియేలూ. నాకే కనపడింది." నేను మామ కాలు కరిచాను, కాలితో తన్నితే ఇసుకలో పడ్డాను. నేను కూడా ఉన్నాను మామా, ఎవరూ చూపలేదు అని అరిచాను. "పెరికినోని చెయ్యి పడిపోతాదంట. అది ఎప్పుడో పడేదేంది, నేనే పడగొడతా" అని కుడి మణికట్టును బండ మీద పెట్టి, కాలితో తొక్కి, గడ్డపార దించాడు. ఆ చప్పుడు ఇప్పటికీ, ఎండిన కంపను పిల్లలు విరిచినా నాకు వినబడుతుంది. ఇంకోసారి అడిగాడు. నాయన అదే మాట చెప్పి స్పృహ తప్పాడు.

అమ్మ పక్క ఊళ్ళో కాన్పు చూసి వస్తూ దారిలోనే విన్నది. ముందు మొగుడి దగ్గరికి పోవాలా, మరదలి దగ్గరికి పోవాలా అని ఆమె ఆలోచించి ఉంటుందో లేదో నాకు తెలియదు. అత్త ఇంటికి పోయింది. మామ అప్పటికే తిరిగొచ్చి గడపకు అడ్డంగా నిలబడ్డాడు, గడ్డపార మీద మా నాయన నెత్తురు ఇంకా ఆరలేదు. లోపలినుంచి అత్త మూలుగు, గడప కిందినుంచి ఎర్రగా నీళ్ళు. నువ్వు ముట్టుకుంటే కోసేస్తావు, చావనీ, నువ్వు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. వీధి వీధంతా నిలబడి చూసింది తప్ప ఒక్కరు కదలలేదు. "కొట్టుకుంటే కొట్టుకో. నేను లోపలికి పోవాల" అని అమ్మ ముందుకు నడిచింది. గడ్డపార మొద్దు వైపుతో కొట్టాడు. నుదురు చీలి కళ్ళల్లోకి నెత్తురు దిగింది. అమ్మ పడలేదు, చెంగు నుదుటికి చుట్టి మళ్ళీ నడిచింది. రెండో దెబ్బకు మామ చెయ్యి లేచింది గానీ వెనకనుంచి మా అవ్వ రోకలితో అతని మోకాలి మీద బలంగా కొట్టింది. కొడుకు కూలబడ్డాడు, కూతురు అతన్ని దాటుకుని లోపలికి పోయింది. పలకల లారీ ఒకటి పట్టుకుని అత్తను మార్కాపురం చేర్చారు. అమ్మ దారి పొడుగునా పిడికిలితో అత్త పొత్తికడుపు అదిమి పట్టి కూర్చుంది. ఆస్పత్రిలో గర్భసంచి తీసేస్తే గానీ ప్రాణం నిలవలేదు. అమ్మ చేతిలో పడిన, ప్రాణం లేని బిడ్డ మగబిడ్డ.

మా అక్క తన కేసు తాను సాధించుకుందని మామ చచ్చేదాకా అన్నాడు. మా ఇంటి గడప మళ్ళీ తొక్కలేదు. అమ్మ పోలీసులకు చెబుతానంటే నాయన వద్దన్నాడు, ఎంత పోట్లాడినా వద్దన్నాడు. కట్టు విప్పాక వేళ్ళు ముడుచుకుపోయాయి. ఎడమచేత్తో బోర్డు మీద రాయడం నేర్చుకున్నాడు, వంకర అక్షరాలు చూసి పిల్లలు నవ్వితే తనూ నవ్వేవాడు. పిడుగురాయి చెయ్యి తీసుకున్నదని ఊరంతా నమ్మింది, గడ్డపార సంగతి తెలిసినవాళ్ళు కూడా. అవ్వ ఆ రాయిని బడి నుంచి తీసుకుపోయి ఏట్లో విసిరేసింది. నాయన మళ్ళీ గట్టుకు పోలేదు, ఆ రాయి పేరెత్తలేదు. రుజువు రుజువని కలవరించిన మనిషి, ఎన్నడో తేలిగ్గా మర్చిపోయినట్టు ఉండటం చూస్తే నాకు మంట పుట్టేది. దెబ్బలకు భయపడ్డాడు అనుకున్నాను. ఆయన పోయేదాకా అదే అనుకున్నాను.

కూడికలో షామియానా వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు, బిర్యానీ. సద్దసంగటి ఎవరికీ గుర్తు లేదు. మార్తమ్మత్త మనవరాలు కీర్తన వడ్డిస్తోంది. దానికి ఇద్దరాడపిల్లలు, రెండో కాన్పుకు సీసాలు సీసాలు రక్తం ఎక్కించారు. దాని మొగుడు సుధాకర్ మంచివాడే, పెళ్ళాం మీద చెయ్యి ఎత్తినవాడు కాదు, నవ్వుతూ మాట్లాడతాడు. సర్పంచిగా నిలబడాలని ఉంది అతనికి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే నిలబడకూడదన్న రూలు తీసేశారు కదా, పైగా పిల్లల్ని కనమని పెద్ద నాయకులే చెబుతున్నారు కదా, ఇంకొక్కడు, ఒక్క మగపిల్లోడు ఉంటే ఇంటికి నిండుదనం అంటున్నాడు. ఇప్పటి పాస్టరు తలూపాడు. కుర్రాళ్ళు ఫోన్లు తీసి ఏ రాష్ట్రంలో జనాభా ఎట్లా తగ్గుతోందో చదివి వినిపించారు. ఇద్దరు చాలని మా ఊరి గోడల మీద రాసిన సర్కారే ఇప్పుడు ఇద్దరు చాలరంటోంది, మా మామ ఉంటే ఎంత మురిసిపోయేవాడోనని నాకు నవ్వొచ్చింది. వాదన అటూ ఇటూ ఎగురుతోంది. కీర్తన పెరుగు గిన్నె పట్టుకుని వరస వెంట నడుస్తోంది, ఆ మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం నాకు ఎరికే. ఒళ్ళు మండి లేవబోతుంటే నా పక్కన కూర్చున్న అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"నేనొక మాట చెప్తా, ఇనండి" అన్నది. ఆమె అందరిముందు మాట్లాడటం ఎవరూ ఎరగరు, అందుకే ఆగారు. "ఆ రాయి యాడుందో అయ్యవారికి చూపిచ్చింది నేనే. 'అన్నా, రేవు పైన గట్టులో ఒక రాయి నిలబడుంది, నువ్వెతికేటిదే' అని నేనే చెప్పినా. పాతిన చెయ్యి పెరక్కూడదు, ఊళ్ళో ఏ ఆడదీ పెరకదు. ఆ సంగతి తెలీక, రాయి కనపడితే పెరికేటోడు ఆ మనిషొకడే." ఆమె పెద్దకూతురు, కీర్తన తల్లి, ఏందమ్మా ఇది అని లేచింది. అత్త కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది. ఇంకో కాన్పయితే తాను చస్తానని, ఇద్దరాడపిల్లలు ఎవరి పాలవుతారోనని, అడగడానికి మనిషి లేక ఆ పని చేశానని చెప్పింది. మీద మీద తగిలిన దెబ్బలకే కడుపు పోయిందో, రాయి పెరికినందుకే పోయిందో తనకు తెలియదన్నది. "గట్టు మీద ఆయన్ను కొడుతుంటే, మీ తాత ఎనకాలే పోయిన మా అత్త పరిగెత్తుకొచ్చి చెప్పింది, ఎవురూ చూపలేదు, నాకే కనపడింది అంటాండాడంట అని. నా పేరు ఒక్కసారి అనుంటే మీ తాత నన్ను ఆ మంచంలోనే చంపుండేవాడు."

మామ మొదటి ప్రశ్న అడిగినప్పుడే నాయనకు అంతా అర్థమై ఉండాలి. తన జీవితంలో దొరికిన ఒకే ఒక్క రుజువు నిన్నమొన్న ఒక ఆడమనిషి పాతిన రాయి అని తెలిసింది, ఆమె తనను ఎందుకు పంపిందో తెలిసింది, ఆ రెండూ తెలిసి కూడా ఆయన ఆ అబద్ధాన్ని దెబ్బ దెబ్బకూ చెప్పాడు. నేను పక్కన నిలబడి నిజమే నిజమే అని సాక్ష్యం చెప్పాను. భయపడ్డాడనుకున్న నా మీద నాకు కోపం వచ్చింది, ఇంతకాలం నోరు మూసుకున్న అత్త మీద కోపం వచ్చింది, తర్వాత అది నిలవలేదు. ఆమె చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది. సుధాకర్ తల దించుకుని విస్తరి మడిచాడు.

కీర్తన పెరుగు గిన్నె కింద పెట్టి వచ్చి అత్త ముందు నేల మీద కూర్చుంది. ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ పెరికిస్తావా అవ్వా అని మెల్లగా అడిగింది.

"పెరికిస్తా" అన్నది మార్తమ్మత్త. "ఆ మనిషి చేత మాత్రం కాదు."